తిరుపతిలో ఒక దర్శనం, మద్రాసులో మరొకటి

అన్నవరం (మా విలేఖరి): సంక్రాంతి వెళ్ళి, ధాన్యం ఇల్లు చేరి, చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో మన మెట్ట గ్రామాల నుండి యాత్రల బస్సులు బయలుదేరడం ఒకప్పుడు పరిపాటి. బస్సు ముందు మామిడి తోరణం కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొండ కింద తొలిపావంచా వద్ద సత్యదేవునికి కొబ్బరికాయ కొట్టి దక్షిణాదికి సాగేవారు. పేరుకు అది తిరుపతి యాత్ర. కాని బస్సెక్కిన వారిలో సగం మంది మనసు తిరుపతి దాటి మరో 140 కిలోమీటర్ల అవతల, మద్రాసు త్యాగరాయనగరంలో బజుల్లా రోడ్డు మీద ఉండేదంటే అతిశయోక్తి కాదు. అక్కడ నందమూరి తారక రామారావు గారి ఇల్లు ఉండేది.

వెంకన్నకు తలనీలాలు ఇచ్చుకుని, ఆ గుండ్లతోనే మద్రాసు చేరి, వెంకన్న వేషం కట్టిన మనిషిని చూసి ఇంటికి రావడం 1960, 70 దశకాలలో ఆంధ్రదేశం నలుమూలల వారికీ అలవాటయింది. బజుల్లా రోడ్డు చుట్టుపక్కల వారు గుండ్లను చూసే తిరుపతి బస్సు వచ్చిందని పోల్చుకునేవారట. నేటి కుర్రకారుకు ఈ సంగతి చెబితే నవ్వుతారు. ఆ రోజుల్లో పట్నవాసులు కూడా నవ్వారు, పల్లెటూరి బైతులని ఎద్దేవా చేశారు. అసలు వీళ్ళు ఎందుకు వెళ్ళారో అడిగినవారు మాత్రం తక్కువ.

టూరింగు టాకీసు నేల మీద నుండి

1957లో "మాయాబజార్" వచ్చింది. కృష్ణుడంటే ఇలాగే ఉంటాడని జనం ఖాయం చేసుకున్నారు. 1960లో "శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం" ఆడినప్పుడు సినిమా హాళ్ళ దగ్గర స్వామి విగ్రహం నిలిపి హుండీ పెట్టారు. టిక్కెట్టు కొన్నవారు హుండీలో కూడా డబ్బులు వేసి మరీ లోపలికి వెళ్ళారు. 1963లో "లవకుశ" రాముడు. ఆ మరుసటి ఏడు 1964లో మన ఊరి దేవుడి మహిమ మీదనే "శ్రీ సత్యనారాయణ మహాత్మ్యం" వచ్చింది. అందులోనూ రామారావు గారే. వ్రతకథను పురోహితుని నోట ఏటా వినే ఇళ్ళవారికి ఆ కథ తెర మీద కదలడం ఎంత అబ్బురమో ఊహించుకోవచ్చు.

తిరుపతిలో గంటల తరబడి నిలబడితే స్వామి క్షణం కనబడేవాడు, ఈలోపు వెనుకవారు ముందుకు తోసేవారు. మద్రాసులో కనబడే స్వామి తిరిగి నమస్కారం పెట్టేవాడు. తేడా అదీ!

సినిమా వారందరూ మద్రాసులో ఉండటానికి కారణం పెద్దలకు విదితమే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మన రాజధాని మద్రాసే. స్టూడియోలు, ల్యాబులు, పెట్టుబడి అంతా అక్కడే పాతుకున్నాయి. రాష్ట్రం విడిపోయినా కెమేరాలు కదలలేదు. పెద్దాపురంలో పుట్టిన అంజలీదేవి గారికి సైతం చివరిదాకా మద్రాసే నివాసమయింది. 2014 జనవరిలో అక్కడే కన్నుమూశారు. అన్నవరం నుండి పెద్దాపురం ఎంత దూరం? అయినా మనవాళ్ళు ఆమెను చూడాలన్నా మద్రాసు బస్సే ఎక్కవలసి వచ్చేది.

తెల్లవారకముందే గేటు దగ్గర

రామారావు గారు వేకువనే లేచి, తెల్లవారేసరికి షూటింగుకు తయారయ్యేవారని ప్రతీతి. కాబట్టి తిరుపతి నుండి నడిరాత్రి బయలుదేరితేనే ఆయన దొరికేది. బస్సులో ఆడవాళ్ళు నిద్ర మానుకుని, పులిహోర మూటలు సర్దుకుని, చీకట్లోనే తల దువ్వుకునేవారు. మగవాళ్ళకు ఆ బాధ లేదు, దువ్వడానికి జుట్టేదీ?

గేటు ముందు వరసగా నిలబడేవారు. ఆయన బయటకు వచ్చి చేతులు జోడించేవారు. ఏ ఊరు, ఏ జిల్లా అని పలకరించేవారని వెళ్ళివచ్చినవారు చెప్పుకునేవారు. కొబ్బరికాయ కొట్టి హారతి ఇచ్చినవారు, కాళ్ళ మీద పడినవారు కూడా ఉన్నారు. మొత్తం మీద నాలుగైదు నిమిషాలు. తరువాత కారు వెళ్ళిపోయేది. ఆ నాలుగైదు నిమిషాలే ఊరికి వచ్చాక నాలుగైదు నెలల కబుర్లయ్యేవి. ఆయన పలకరించిన మనిషికి రచ్చబండ దగ్గర హోదా పెరిగేది.

ఈ విలేఖరి ఉద్దేశంలో ఇందులో నవ్వవలసింది ఏమీ లేదు. అణా బేడా కూడబెట్టి నేల టిక్కెట్టు కొన్నవాడు, ఆ డబ్బు చేరిన ఇల్లు చూడాలనుకోవడం తప్పా? పైగా బోర్డులన్నీ అరవంలో ఉన్న ఊరిలో, పెద్ద మేడలో నుండి ఒక పెద్దమనిషి బయటకు వచ్చి తెలుగులో "ఏ ఊరండీ" అంటే, అది చెవికి ఎంత హాయి!

మా మామ్మ చూసినది

1974 ప్రాంతంలో మా మామ్మ, తాత కూడా అలాగే వెళ్ళారు. తిరుపతిలో అంతా సవ్యంగానే జరిగింది. మద్రాసు పొలిమేరకు వచ్చాక బస్సు వేసిన ఆసామి, తనకు తెలిసిన బట్టల కొట్టు తెరిచేదాకా ఆగుదామన్నాడట. ఆ కొట్టువాడి దగ్గర ఇతనికి కమీషను ఉందని తరువాత తెలిసింది. తాత లేచి, "బాబూ, చీరలు మా తునిలోనూ దొరుకుతాయి. ముందు అక్కడికి పోనీయండి" అన్నాడు. వినిపించుకోలేదు. డ్రైవరుకు దారి తెలియక పానగల్ పార్కు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. బజుల్లా రోడ్డు చేరేసరికి ఎండ ఎక్కింది. కారు ఎప్పుడో వెళ్ళిపోయింది.

ఆడవాళ్ళు కొందరు గేటు దగ్గరే కూలబడ్డారు. సాయంత్రం దాకా ఉంటామన్నారు. బస్సు సాయంత్రానికి నెల్లూరు దాటాలి. చివరకు ఇంటి ముందు మట్టి కాస్త కొంగున ముడి వేసుకున్నది ఒకామె. మా మామ్మ మాత్రం గేటు ఊచలు పట్టుకుని లోపల ఏముందో చూసింది. ఊరికి వచ్చాక అందరూ "చూశావా" అని అడిగితే "చూశాను" అనేది. ఏం చూసిందో చెప్పేది కాదు.

మిగిలిన పూట ఊరంతా

గేటు దగ్గర పని అయ్యాక సాయంత్రం దాకా మద్రాసు చూపించేవారు. మౌంటు రోడ్డులో 1959లో కట్టిన పద్నాలుగు అంతస్తుల ఎల్.ఐ.సి. భవనం ముందు బస్సు ఆపితే, అందరూ మెడలు వెనక్కి వాల్చి అంతస్తులు లెక్కపెట్టేవారు. లెక్క ఎవరికీ కలిసేది కాదు. ఎగ్మూరులోని మ్యూజియంను జనం "చచ్చిన కాలేజీ" అనీ, సెంట్రల్ స్టేషను పక్కనున్న జంతువుల తోటను "బతికిన కాలేజీ" అనీ పిలిచేవారు. ఆ పేర్లు మనవాళ్ళకు బాగా పట్టుబడ్డాయి. పక్కనే మూర్ మార్కెట్టు. అక్కడ బేరమాడటం తెలియక మోసపోయినవారు కోకొల్లలు. ఆ మార్కెట్టు 1985 మే 30న తగలబడిపోయింది. జంతువుల తోట కూడా అదే ఏడు ఊరవతల వండలూరుకు మారింది.

వడపళనిలో విజయా వాహినీ స్టూడియో గేటు దగ్గర కూడా బస్సు ఆగేది. లోపలికి పంపేవారు కాదు. లోపల నుండి ఏ కారు వచ్చినా అద్దాలలోకి తొంగిచూసేవారు. ఎవరో అనామకుడు కూర్చుని ఉన్నా "ఆయనే, ఫలానా సినిమాలో విలను" అని ఒకడు ధీమాగా చెప్పేవాడు. మిగిలినవారు నమ్మేవారు. సాయంత్రం మెరీనాలో సముద్రం చూసి, కాళ్ళు తడుపుకుని తిరుగు ప్రయాణం. ఉప్పాడ, కాకినాడ సముద్రం ఎరిగినవారికి అందులో కొత్త ఏమున్నదో తెలియదు గాని, ఎవరూ మానలేదు.

బస్సు ఆగని చోట్లు

కష్టం కలిగించే సంగతి ఒకటి ఉన్నది. ఈ బస్సులు మైలాపూరు వైపు వెళ్ళినా రాయపేట హైరోడ్డులో ఆగినట్లు ఎవరూ చెప్పరు. ఆ రోడ్డులో 126 నెంబరు ఇంట్లోనే పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్షకు కూర్చుని డిసెంబరు 15 రాత్రి ప్రాణం వదిలారు. ఆ ఇల్లు ఎవరిది? మన జిల్లా దుళ్ళ గ్రామంలో పుట్టి, కాకినాడలో ప్లీడరీ చేసి, గాంధీ గారి పిలుపు మీద దానిని వదిలిపెట్టిన బులుసు సాంబమూర్తి గారిది. ఊరంతా భయపడుతున్న సమయంలో దీక్షకు చోటు ఇచ్చినది మన జిల్లా మనిషి. ఆ ఇంటి ముందు మన జిల్లా బస్సు ఆగలేదు!

మ్యూజియంలో కూడా అంతే. మనవాళ్ళు తిమింగలం ఎముకలు చూసి నోరు వెళ్ళబెట్టి వచ్చేశారు. కృష్ణ ఒడ్డున అమరావతి స్తూపం నుండి తెల్లదొరలు తరలించిన పాలరాతి శిల్పాలు అక్కడే ఉన్నాయి. మన తాతముత్తాతల ఉలి పని. బస్సు వేసినవారికి తెలియదు, తెలిసినవారు చెప్పలేదు. తప్పు యాత్రికులది అనలేము. నటుడి గురించి వారికి టాకీసులు చెప్పాయి. సాంబమూర్తి గారి గురించి ఎవరు చెప్పారు?

ఇప్పుడు వెళ్ళేవారికి

1996లో మద్రాసు పేరు చెన్నై అయింది. ఆ ఏడు జనవరి 18న రామారావు గారు హైదరాబాదులో మరణించారు. అంతకు ముందే తెలుగు సినిమా చాలావరకు హైదరాబాదుకు తరలింది. అక్కినేని నాగేశ్వరరావు గారి అన్నపూర్ణ స్టూడియో 1976లోనే మొదలయింది. వాహినీ స్థలంలో ఇప్పుడు పెద్ద మాల్ నడుస్తున్నది.

సామర్లకోటలో సర్కారు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేటికీ చెన్నై చేరవచ్చు. ఒక్కరోజే ఉండేవారు రాయపేట హైరోడ్డులోని పొట్టి శ్రీరాములు స్మారక భవనానికి పొద్దుటే వెళ్ళడం మంచిది. తరువాత ఎగ్మూరు మ్యూజియం. శుక్రవారం దానికి సెలవు, జాగ్రత్త. సినిమా మీద సరదా తీరనివారికి ఏ.వి.ఎం. వారు 2023లో పాత కెమేరాలు, పాత కార్లతో ప్రదర్శనశాల తెరిచారు. నటులు కనబడరు గాని, వారు ఎక్కిన కార్లు కనబడతాయి.

హైదరాబాదు వెళ్ళేవారి పద్ధతి వేరు. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీకి టిక్కెట్టు కొని వెళతారు. 1,600 పైచిలుకు ఎకరాలు. రాజుగారి కోట, రైల్వే స్టేషను, వీధులు అన్నీ ఉంటాయి, ఎవరూ కాపురం ఉండరు. తారల ఇళ్ళు చూద్దామని జూబ్లీహిల్స్ వెళితే ఎత్తయిన గోడలు కనబడతాయి.

నిజానికి ఇప్పుడు తారలను చూడాలంటే పై ఊరు వెళ్ళనక్కరలేదు. సినిమా వారు వ్రతానికి రత్నగిరి వస్తూనే ఉంటారు. వారు వచ్చిన పూట వ్రతమంటపంలో కథ వింటున్న దంపతులు కూడా పీటల మీద నుండి లేచి సెల్‌ఫోనులు ఎత్తడం ఈ విలేఖరి కళ్ళారా చూశాడు. పురోహితుడు అధ్యాయం మధ్యలో ఆగిపోయాడు. ఆయన కూడా అటే చూస్తున్నాడు.

రథం వచ్చిన రోజు

1982 మార్చి 29న రామారావు గారు తెలుగుదేశం పార్టీ ప్రకటించారు. పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్చి జిల్లాలన్నీ తిరిగారు. కుమారుడు హరికృష్ణ బండి నడిపారు. ఇన్నేళ్ళు జనం ఆయన గేటు దగ్గర నిలబడ్డారు. ఇప్పుడు ఆయన వచ్చి జనం వీధిలో నిలబడ్డాడు. 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయ్యారు. గుండ్లతో బజుల్లా రోడ్డుకు వెళ్ళివచ్చినవారి ఓట్లు అందులో ఎన్నో లెక్క కట్టినవారు లేరు.

రథం మన జిల్లాకు వచ్చినప్పుడు మా తాత మామ్మను సైకిలు మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. తెల్లవార్లూ రోడ్డు పక్క గట్టు మీద కూర్చున్నారు. పొద్దెక్కాక రథం వచ్చింది. జనం కేరింతలు కొట్టారు. బండి మీద నిలబడిన మనిషి ఖాకీ బట్టలు వేసుకుని, ఎండకు కమిలిపోయి ఉన్నాడు. మామ్మ అతను డ్రైవరనుకుని, రామారావు లోపల ఉన్నాడేమోనని వ్యాను కిటికీలు వెతికింది. తాత "ఆయనే ఆయన" అని చెప్పేసరికి బండి ముందుకు కదిలింది.

"ఏవండీ, మరి కిరీటం ఏదీ?" అని అడిగిందట.