అమ్మాయిని లా చదివిస్తున్నారా? కాలేజీ సంగతి ముందు చూడండి



ఇంటరు ఫలితాలు వచ్చాయంటే ఇంటింటా ఒకటే చర్చ కదా! డాక్టరు, కాకపోతే ఇంజనీరు, ఆ రెండూ కుదరకపోతే ఏదో ఒక డిగ్రీ అని మనం లెక్కలు వేస్తూ ఉంటాం. ఈమధ్య చాలా ఇళ్లలో పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, "నేను లా చదువుతానమ్మా" అంటున్నారు. సంతోషించవలసిన మాటే. అయితే ఆ మాట వినగానే మనం అడిగేదేమిటి? "కాలేజీ ఎంత దూరం? బస్సుందా? ఫీజెంత?" ఇవన్నీ అడగవలసినవే గాని, వీటికంటే ముందు అడగవలసింది ఇంకొకటుంది. ఆ కాలేజీలో చదివిన పిల్ల రేపు నల్లకోటు వేసుకుని కోర్టులో నిలబడగలదా?

అదేమిటి, లా డిగ్రీ వస్తే ప్లీడరు కాకుండా ఎలా పోతుంది అనకండి. బి.ఏ., బి.కాం. లాంటిది కాదు ఈ చదువు. 1961లో వచ్చిన అడ్వకేట్స్ చట్టం ప్రకారం, రాష్ట్ర బార్ కౌన్సిల్ జాబితాలో పేరు ఎక్కితేనే న్యాయవాది. ఆ జాబితాలో పేరు ఎక్కాలంటే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన చదువే అయి ఉండాలి. కాలేజీ ఎంత పెద్ద భవనంలో ఉన్నా, దానిని ఏ విశ్వవిద్యాలయానికి జతపరిచినా, ఈ గుర్తింపు లేకపోతే ఆ పట్టా గోడకు తగిలించుకోవడానికి పనికివస్తుంది, అంతే.

ఇంకొక మెలిక ఉంది. ఈ గుర్తింపు ఒకసారి ఇస్తే కలకాలం నిలిచేది కాదు. ఇన్ని సంవత్సరాలకని ఇస్తారు. గడువు తీరితే కాలేజీవాళ్లు మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. మా ఎరుకలో ఒక కుటుంబం ఉంది. అమ్మాయి చదువు బాగానే పూర్తి చేసింది. పేరు నమోదుకు వెళ్లేసరికి, ఆమె చేరిన సంవత్సరానికి కాలేజీ గుర్తింపు పొడిగించలేదని కాగితం ఆగింది. తల్లి గాజులు కుదువపెట్టి కట్టిన ఫీజు! కాలేజీ ఆఫీసులో అడిగితే "వస్తుందమ్మా, వస్తుంది" అన్నారట. ఎప్పుడొస్తుందో చెప్పినవాళ్లు లేరు. పిల్ల తోటివాళ్లు కోర్టుకు వెళుతుంటే ఈ అమ్మాయి ఏడాది పైన ఇంట్లో కూర్చుంది.

అందుకని మీరు కాలేజీకి వెళ్లినప్పుడు రంగురంగుల పుస్తకం చూపిస్తే పక్కన పెట్టండి. "బార్ కౌన్సిల్ అనుమతి పత్రం చూపించండి" అని అడగండి. మొహమాటం అక్కరలేదు. చీర కొనేటప్పుడు అంచు తిప్పి చూడమా? ఆ పత్రంలో ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా అని ఉందో చూడండి. మూడేళ్ల కోర్సుకా, అయిదేళ్ల కోర్సుకా, రెంటికీనా? ఒక కోర్సుకు ఉండి మరొకదానికి లేని కాలేజీలు ఉండవచ్చు. ఎన్ని సెక్షన్లకు ఇచ్చారో కూడా చూడండి. ఒక సెక్షనుకు 60 మందిని మించి చేర్చుకోకూడదని నియమం. ఆ పైన, బార్ కౌన్సిల్ వారి వెబ్‌సైటులో గుర్తింపు ఉన్న కాలేజీల జాబితా ఉంటుంది, పిల్లల చేత తీయించి సరిచూసుకోండి. 2025 ఆగస్టులో బార్ కౌన్సిల్, మూడేళ్లపాటు కొత్త లా కాలేజీలకు అనుమతి ఇవ్వబోమని ప్రకటించింది. కాబట్టి "మాది కొత్త కాలేజీ, అనుమతి దారిలో ఉంది" అని ఎవరైనా అంటే ఆ గడప దిగిపోవడమే మంచిది.

ఇక చేరే దారులు. ఇంటరు తరువాత అయిదేళ్లు, డిగ్రీ తరువాత మూడేళ్లు. 2008 నాటి బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం అర్హత పరీక్షలో మామూలు అభ్యర్థులకు నూటికి 45, వెనుకబడిన తరగతులకు 42, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 40 మార్కులు ఉండాలి. దూరవిద్యలో, పోస్టులో ఇచ్చే లా డిగ్రీ వకాల్తాకు చెల్లదు. ఇంకో సంగతి, ఇది మన ఆడవాళ్లకు ముఖ్యంగా చెబుతున్నాను. ఇంటరు చదవకుండా నేరుగా ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేసినవారికి ఆ నియమాల ప్రకారం లాలో ప్రవేశం లేదు. పదోతరగతి, ఇంటరు వరుసగా పూర్తి చేసి, డిగ్రీ మాత్రం దూరవిద్యలో చదివినవారికి అడ్డులేదు.

మన రెండు రాష్ట్రాల కాలేజీలకు లాసెట్ రాయాలి. తెలంగాణకు వేరు, ఆంధ్రప్రదేశ్‌కు వేరు. గంటన్నరలో 120 ప్రశ్నలు. సగం ప్రశ్నలు లా చదవడానికి పనికివచ్చే బుద్ధి ఉందా అని చూసేవి, మిగతావి జనరల్ నాలెడ్జి, వర్తమాన విషయాలు. తెలుగులో కూడా ప్రశ్నలు ఉంటాయి గనుక తెలుగు మీడియం పిల్లలు బెదరవలసిన పనిలేదు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు క్లాట్ అని దేశమంతటికీ ఒక పరీక్ష ఉంది. అది ఇంగ్లీషులోనే. తప్పు జవాబుకు పావు మార్కు కోస్తారు. మనకు దగ్గరలో ఉన్నవి రెండు. హైదరాబాదు పక్కన శామీర్‌పేటలో 1998లో వెలసిన నల్సార్ ఒకటి. విశాఖపట్నం దగ్గర సబ్బవరంలో దామోదరం సంజీవయ్య గారి పేరు మీద ఉన్న విశ్వవిద్యాలయం రెండోది.

"అక్కడ సీటు రాకపోతే ఇక లా దండగేనటగా?" అని అడిగేవాళ్లున్నారు. నేనలా అనుకోను. ఆ విశ్వవిద్యాలయాల్లో గ్రంథాలయం గొప్పది, తోటి పిల్లలు చురుకైనవాళ్లు, పెద్ద కంపెనీలు వచ్చి ఉద్యోగాలు ఇస్తాయి. నిజమే. ఖర్చు కూడా ఏడాదికి లక్షల్లోనే. మీ అమ్మాయికి కంపెనీ వ్యవహారాలంటే ఇష్టమా, ఇంగ్లీషు ధాటిగా వస్తుందా, అప్పు చేసినా తీర్చే దారి ఉందా? అయితే తప్పక ప్రయత్నించండి. అలాకాక మన జిల్లా కోర్టులోనే ప్రాక్టీసు పెట్టాలనుకుంటే, ఉస్మానియా, ఆంధ్ర, కాకతీయ వంటి విశ్వవిద్యాలయాల లా కాలేజీలు ఏం తక్కువ? ప్రభుత్వ సీటు వస్తే ఫీజు భారం ఉండదు. మన కోర్టుల్లో ఎంతమంది ప్లీడర్లు, జడ్జీలు ఆ బల్లల మీద కూర్చుని చదివినవాళ్లో! కింది కోర్టులో సాక్షి తెలుగులోనే మాట్లాడతాడు. పల్లెటూరి ముసలమ్మ పొలం గట్టు తగాదా చెబుతుంటే అర్థం చేసుకోవాలి, అదే సంగతిని హైకోర్టుకు ఇంగ్లీషులో రాయాలి. రెండు భాషలూ పదునుగా ఉన్న పిల్లకు ఆకలి బాధ ఉండదు.

ప్రైవేటు కాలేజీ అయితే లోపలికి వెళ్లి చూడండి. పరీక్షల రోజుల్లో కాదు, మామూలు పనిరోజున, పదకొండు గంటలప్పుడు వెళ్లండి. క్లాసులో పిల్లలున్నారా, ఖాళీ బల్లలున్నాయా? "రానక్కరలేదండీ, హాజరు మేం చూసుకుంటాం" అని గుమాస్తా మెల్లగా అన్నాడంటే ఆ మాటను వరం అనుకోకండి. నియమాల్లో ప్రతి సబ్జెక్టుకూ నూటికి 70 హాజరు అడుగుతారు. పాఠం వినకుండా వచ్చిన పట్టాతో పిల్ల జడ్జి ముందు నోరెలా విప్పుతుంది?

గ్రంథాలయంలోకి వెళ్లండి. మనకు లా తెలియకపోయినా ఒకటి కనిపెట్టవచ్చు. 2024 జూలై 1 నుంచి ఇండియన్ పీనల్ కోడ్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. క్రిమినల్ ప్రొసీజరు కోడుకు బదులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్యాల చట్టానికి బదులు భారతీయ సాక్ష్య అధినియం అమలులోకి వచ్చాయి. ఆ మూడు కొత్త పుస్తకాలు బీరువాలో ఉన్నాయా, ఎన్ని ప్రతులున్నాయి అని అడగండి. పాత కేసులకు పాత చట్టాలూ కావాలి గనుక అవి ఉండడం తప్పుకాదు. కాని కొత్తవి లేకుండా పాతవే బూజుపట్టి ఉంటే, అక్కడి చదువు ఎలా ఉందో వేరే చెప్పాలా?

అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది మూట్ కోర్టు సంగతి. కొందరు దానిని నాటకం అనుకుంటారు. కల్పించిన ఒక తగాదాను ఇచ్చి, పిల్లలచేత రెండు పక్షాలుగా వాదన చేయించడమే మూట్ కోర్టు. ఇది సరదాకు పెట్టినది కాదు, మార్కులున్న పరీక్ష. విద్యార్థి మూడు మూట్ కోర్టులు చేయాలి. నిజమైన కోర్టుకు వెళ్లి ఒక సివిలు దావా, ఒక క్రిమినలు కేసు విచారణ చూసి రాసుకుని రావాలి. సీనియరు ప్లీడరు ఆఫీసులో కూర్చుని కక్షిదారుతో ఎలా మాట్లాడతారో గమనించాలి. దావా ఎలా రాయాలి, జవాబు దావా ఎలా రాయాలి, అమ్మకపు దస్తావేజు ఎలా తయారుచేయాలి అనేదానికి వేరే పేపరు ఉంది. వీటితో పాటు మూడేళ్ల కోర్సులో 12 వారాలు, అయిదేళ్ల కోర్సులో 20 వారాలు ఇంటర్న్‌షిప్ ఉండాలి. కాలేజీలో మూడో సంవత్సరం పిల్లనెవరినైనా పక్కకు పిలిచి, "అమ్మాయీ, నువ్వు ఎన్ని మూట్లు చేశావు? కోర్టుకు ఎవరు తీసుకువెళ్లారు?" అని అడగండి. ప్రిన్సిపాలు గారు గంటసేపు చెప్పే మాటలకంటే ఆ పిల్ల రెండు మాటల్లో మీకు నిజం తెలుస్తుంది. రికార్డు పుస్తకాలు బజారులో రాయించుకున్నామని నవ్విందనుకోండి, మీరు వేరే కాలేజీ చూసుకోవచ్చు.

ఉచిత న్యాయ సహాయ కేంద్రం ఉందా అని కూడా అడగండి. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. మనలో చాలామందికి ఈ సంగతే తెలియదు! కాలేజీ కేంద్రం నిజంగా పనిచేస్తుంటే చుట్టుపక్కల బస్తీ ఆడవాళ్లు వచ్చి మనోవర్తి అనీ, ఆస్తి వాటా అనీ అడుగుతారు. ఆ అర్జీలు రాయడంతోనే పిల్లలకు చెయ్యి తిరుగుతుంది.

చేర్చేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలో వదిలిపెట్టకండి. అసలు కాగితాలు సరిచూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలని, అట్టే పెట్టుకోకూడదని 2018 అక్టోబరులోనే యూజీసీ ఉత్తరువు ఇచ్చింది. పిల్ల కాలేజీ మారాలనుకున్నప్పుడు ఈ కాగితాలే మెడకు ఉరితాళ్లవుతాయి.

"ఇంత చేసి ఆడపిల్లకు కోర్టులెందుకు?" అనే అత్తగార్లు, మామగార్లు ఇంకా ఉన్నారు. వాళ్లకు రెండు సంగతులు చెప్పండి. మనదేశంలో ఆడవాళ్లకు వకాల్తా పట్టే హక్కు 1923లో చట్టం చేస్తేగాని రాలేదు. అంతకుముందు కలకత్తాలోను, పాట్నాలోను చదువుకున్న స్త్రీలు అడిగితే ఆడవారన్న కారణంగా హైకోర్టులు కాదన్నాయి. రెండోది మన దుర్గాబాయి గారి సంగతి. రాజమండ్రిలో పుట్టి, స్వాతంత్ర్య పోరాటంలో జైళ్లకు వెళ్లి, ఆ తరువాత ప్రైవేటుగా మెట్రిక్యులేషన్ కట్టి, 1942లో మద్రాసులో లా పూర్తి చేశారు. రాజ్యాంగ సభలో కూర్చున్నారు. ఆమెకు ఆలస్యమైపోలేదు.

పట్టా చేతికి వచ్చాక ఖర్చుల సంగతి కూడా ముందే లెక్కవేసుకోండి. పేరు నమోదుకు రాష్ట్ర బార్ కౌన్సిళ్లు వేలకు వేలు గుంజకూడదని, చట్టంలో ఉన్న 750 రూపాయలే, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 125 రూపాయలే తీసుకోవాలని 2024 జూలై 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నమోదయ్యాక ఆలిండియా బార్ పరీక్ష ఉంటుంది. చట్టాల పుస్తకాలు పెట్టుకుని రాయవచ్చు గాని, పుస్తకం ఎప్పుడూ తెరవని పిల్లకు ఏ పేజీ తిప్పాలో తెలియదు కదా!

అసలు కష్టం ఆ తరువాత ఉంది. సీనియరు దగ్గర జూనియరుగా చేరిన మొదటి రెండు మూడేళ్లు బస్సు చార్జీలకు కూడా చాలని డబ్బు వచ్చే పిల్లలున్నారు. పట్నాల్లో నెలకు 20,000, పల్లెల్లో 15,000 అయినా జూనియర్లకు ఇవ్వమని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ సలహా ఇచ్చింది. సలహాయే, నిర్బంధం కాదు. జడ్జి పరీక్ష రాద్దామన్నా, మూడేళ్లు ప్రాక్టీసు చేసి ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కాబట్టి కాలేజీ ఫీజుకే ఉన్నదంతా ఊడ్చిపెట్టకండి. చదువయ్యాక రెండు మూడేళ్ల తిండికి, గుడ్డకు, బస్సుకు, హాస్టలుకు సరిపడా కొంత విడిగా పోస్టాఫీసులో వేసి ఉంచండి.