పిస్తోలు మొరాయించినప్పుడు

బస్తరు అడవుల చెమ్మలో ఉక్కు ఎందుకు బిగుసుకుంటుంది? దానిని విడిపించే చేతికి మొదట కావలసినది బలమా, క్రమమా?

2025 అక్టోబరు 17వ తేదీన బస్తరు ప్రాంతానికి కేంద్రమైన జగదల్‌పూరులో 210 మంది మావోయిస్టులు ఆయుధాలు విడిచి ప్రభుత్వానికి లొంగిపోయారు. వారు అప్పగించిన ఆయుధాలు మొత్తం 153. అందులో ఏ.కె.-47 తుపాకులు 19, ఇన్సాస్ రైఫిళ్లు 23, పాతకాలపు .303 రైఫిళ్లు 36. ఇలా సాగిన ఆ జాబితాలో పిస్తోలు ఒక్కటంటే ఒక్కటే.

పత్రికలు ఈ లెక్కలను ప్రకటించాయి, పాఠకులు చదివారు, అంతటితో వార్త ముగిసింది. కాని ఇటువంటి ప్రతి సందర్భంలోను వార్త ముగిసిన తరువాత ఒక పని మొదలవుతుంది. అది ఛాయాచిత్రాలకు ఎక్కని పని. వచ్చిన ఆయుధాలను ఎవరో ఒకరు ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకొని, లోపల తూటా ఉన్నదో లేదో చూచి, వాటిని నిరపాయంగా చేసి భద్రపరచాలి. ఆ మనిషిని ఆర్మరర్ అంటారు. దళాల ఆయుధాలను కనిపెట్టి చూచుకొంటూ, మరమ్మతు చేస్తూ ఉండే నిపుణుడతడు.

అడవిలో వానకు తడిసి, మట్టిలో దాగి, ఏళ్ల తరబడి సరియైన సంరక్షణ లేని ఆయుధం అతని బల్ల మీదికి వచ్చినదనుకొందాము. పిస్తోలయితే దాని స్లైడు వెనుకకు కదలదు. ఇక్కడనే చిక్కు. తెరచి చూస్తేగాని లోపల తూటా ఉన్నదో లేదో తెలియదు. స్లైడు కదిలితేగాని తెరచి చూడడం సాధ్యం కాదు. కనుక బిగుసుకున్న పిస్తోలును, లోపల తూటా ఉన్న పిస్తోలుగానే భావించాలి. ఆర్మరర్ విద్యలో మొదటి పాఠం ఇది. చాలమందికి ప్రాణం దక్కించినదీ ఇదే.

స్లైడు చేసే పని

సెమీ-ఆటోమేటిక్ పిస్తోలు చూపులకు ఒకే ముద్దవలె ఉంటుంది. నిజానికి అది రెండంతస్తుల నిర్మాణం. పిడి, ట్రిగ్గరు ఉండే క్రింది అంతస్తు ఫ్రేము. దాని మీద రెండు పట్టాల వెంబడి ముందుకు వెనుకకు జారే ఉక్కు తొడుగు స్లైడు. తూటా పేలినప్పుడు ఎదురుదెబ్బకు స్లైడు వెనుకకు పోతుంది. పోతూ పోతూ ఖాళీ గుల్లను వెలుపలికి విసరుతుంది, హ్యామరును ఎక్కుపెడుతుంది. బ్యారెల్ క్రింద ఉన్న స్ప్రింగు దానిని తిరిగి ముందుకు తోస్తుంది. వస్తూ వస్తూ అది మ్యాగజైనులోని మరొక తూటాను ఛాంబరులోకి, అనగా బ్యారెల్ వెనుక కొసనున్న గదిలోకి చేరుస్తుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది. మొదటి తూటాను ఎక్కించడానికి, లోపల ఉన్నదానిని తీసివేయడానికి మాత్రం మనిషి తన చేతితో స్లైడును లాగాలి. దాని బిగువు మనకు తెలిసేది అప్పుడే.

ఈ ఏర్పాటుకు ఆద్యుడు జాన్ మోజెస్ బ్రౌనింగ్. ఆయన 1855లో అమెరికాలోని ఆగ్డెన్ పట్టణంలో ఒక తుపాకుల పనివాని ఇంట జన్మించాడు. 1911 మార్చిలో అమెరికా సైన్యం జరిపిన పరీక్షలో ఆయన రూపొందించిన పిస్తోలుతో 6,000 తూటాలు పేల్చారు. బాగా వేడెక్కినప్పుడు దానిని నీటిలో ముంచి చల్లార్చారు. అయినా అది ఒక్కమారయినా మొరాయించలేదని ప్రసిద్ధి. ఈ కథను చెప్పుకొనేవారు తరచు ఒక చిన్న అంశాన్ని మరచిపోతారు. ప్రతి వెయ్యి తూటాలకు ఒకసారి ఆ పిస్తోలును శుభ్రపరచి, నూనె వేశారు. ఎంత గొప్ప యంత్రమైనా శుశ్రూష లేకుండా నిలవదని ఆ పరీక్షను నిర్వహించినవారికి తెలుసు.

బ్రౌనింగ్ 1926లో బెల్జియంలోని లీజ్ నగరం వద్ద ఆయుధ కర్మాగారంలో పనిలో ఉండగానే మరణించాడు. ఆయన విడిచిన పనిని అక్కడి ఇంజనీరు ద్యుదొన్నె సేవ్ పూర్తి చేశాడు. 1935లో వెలువడిన ఆ పిస్తోలు పేరు ‘హై పవర్’. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బెల్జియం జర్మనీ వశమైనప్పుడు కెనడాలోని టొరాంటోలో ఇంగ్లిస్ కంపెనీ దానిని తయారు చేసింది. ఆ కెనడా నమూనాను అనుసరించి పశ్చిమ బెంగాలులోని ఇషాపూర్ రైఫిల్ కర్మాగారం తయారు చేసినదే ‘9 మి.మీ. ఆటో పిస్టల్ 1ఎ’. మన సైనికుల, పోలీసు అధికారుల నడుముల మీద చిరకాలంగా కనిపిస్తున్న పిస్తోలు అది.

చెమ్మ, చెమట, మట్టి

బెల్జియంలో పుట్టి కెనడా మీదుగా వచ్చిన ఈ యంత్రానికి బస్తరు వాతావరణం కఠిన పరీక్ష. జూన్ మొదలు సెప్టెంబరు దాకా ఇక్కడ వర్షాకాలం. ఇంద్రావతి, శబరి నదులు పొంగుతాయి, వాగులు దారులను మూసివేస్తాయి. సుక్మా, బీజాపూర్ జిల్లాల శిబిరాలలో ఉతికిన బట్ట ఆరదు. గస్తీకి వెళ్లినవాడు తడిసి వస్తాడు, అతనితోపాటు ఆయుధమూ తడిసి వస్తుంది. ఎండకాలంలో ఎర్రమట్టి పొడియై గాలిలో లేస్తుంది.

ఇనుము సంగతి బస్తరుకు ఒకరు చెప్పనక్కరలేదు. ఎద్దు మూపురం పేరు పెట్టుకొన్న బైలదిల్లా కొండలలో శ్రేష్ఠమైన ఇనుప ఖనిజం ఉన్నది. హైదరాబాదు కేంద్రంగా గల జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ 1968 నుంచి అక్కడ త్రవ్వకాలు సాగిస్తున్నది. ఆ ఖనిజం కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం మీద విశాఖపట్నం చేరుతుంది. ప్రాణవాయువుతో కలిసి ఉన్న ఇనుమే ఆ ఎర్రని ఖనిజం. కొలిమిలో మనం ఆ రెంటిని విడదీసి ఇనుము తీస్తాము. గాలి, నీరు తగిలిన ఉక్కు మరల ప్రాణవాయువుతో కూడుకొంటుంది. తుప్పు అనగా ఇనుము తిరిగి ఖనిజమయ్యే ప్రయత్నమే.

తుప్పు తాను పుట్టిన ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. స్లైడుకు, ఫ్రేముకు నడుమ ఉండేది వెంట్రుక మందపు సందు. ఆ సందులో తుప్పు పొర ఏర్పడితే అది మేకువలె పనిచేస్తుంది. వేళ్ల చెమటలోని ఉప్పు ఈ పనిని త్వరపెడుతుంది. తోలు ఒర మరొక శత్రువు. అది చెమ్మను పీల్చి పట్టి ఉంచుతుంది. తోలు ఊనడంలో వాడిన లవణాలు ఉక్కును తింటాయి. అందుచేత పిస్తోలును తోలు ఒరలోనే ఉంచి నెలల తరబడి దాచరాదు.

మరి నూనె దండిగా పోస్తే సరిపోదా? వానలో నూనె కవచమే. కాని దుమ్ములో అదే నూనె మట్టిని పట్టి గరుకు ముద్దగా మారుతుంది, పేలిన మందు మసి దానికి తోడవుతుంది. ఋతువును బట్టి నూనె పాలు మారాలి. వానలలో శుభ్రపరచడం తరచుగా జరగాలి, ఉక్కు మీద పలుచని పొర ఎప్పుడూ ఉండాలి. ఎండలలో పట్టాల మీద ఒకటి రెండు చుక్కలు చాలును, మిగిలినది గుడ్డతో తుడిచివేయాలి.

బిగువు చెప్పే భాష

నిపుణుడయిన ఆర్మరర్ బిగుసుకున్న స్లైడును వైద్యుడు నాడిని చూచినట్లు చూస్తాడు. అతడు ముందుగా చేసే పనులు రెండు. పిస్తోలు మూతిని ఇసుక నింపిన పెట్టె వైపు త్రిప్పి, వేలును ట్రిగ్గరుకు దూరంగా ఉంచుతాడు. పిమ్మట మ్యాగజైనును ఊడదీస్తాడు. నిండు మ్యాగజైనులోని పై తూటా స్లైడు అడుగును ఒత్తుతూ ఉంటుంది. దానిని తీయగానే బిగువు తగ్గితే కారణం అక్కడనే దొరికినట్లు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. హై పవర్ రూపకల్పనలో మ్యాగజైను ఊడదీస్తే ట్రిగ్గరు పనిచేయకుండా ఒక ఏర్పాటు ఉన్నది. అన్ని పిస్తోళ్లలోను అది ఉండదు, ఉన్నచోట కూడ అరిగిపోయి ఉండవచ్చు. మ్యాగజైను తీసినంత మాత్రాన పిస్తోలు ఖాళీ అయినట్లు కాదు. ఛాంబరులోని తూటా ఛాంబరులోనే ఉంటుంది.

తరువాత అతడు సేఫ్టీ మీటను చూస్తాడు. ఈ రకం పిస్తోలులో ఆ మీటను పైకి ఎత్తినప్పుడు అది స్లైడు గాడిలో దూరి దానిని కదలనీయదు. కొత్తగా చేరినవాడు ‘పట్టుకుపోయింది’ అని తెచ్చిన పిస్తోలుకు ఒక్కొక్కసారి ఉన్న జబ్బు ఇంతే. తరువాత హ్యామరు. అది క్రిందికి వాలి ఉంటే, స్లైడును లాగే చేయి రెండు స్ప్రింగులతో పోరాడవలసి ఉంటుంది: బ్యారెల్ క్రింది స్ప్రింగు ఒకటి, హ్యామరు స్ప్రింగు రెండవది. మూతి ఇసుక వైపే ఉంచి హ్యామరును ముందుగా ఎక్కుపెడితే రెండవ భారం పోతుంది. బలహీనమైన చేతులు గలవారికి ఈ చిన్న తెలివి ఎంతో మేలు చేస్తుంది.

ఇవేవీ కారణం కానప్పుడు అసలు పరీక్ష మొదలవుతుంది. బిగువు ఎక్కడ ఉన్నది, ఎలా ఉన్నది అన్నదే ప్రశ్న. మొదటి నుంచి చివరి వరకు ఒకే తీరుగా బరువుగా ఉంటే స్ప్రింగును అనుమానించాలి. ఆ పిస్తోలుకు చెందని గట్టి స్ప్రింగును ఎవరో అమర్చి ఉండవచ్చు. దారి పొడుగునా గరగరలాడితే పట్టాలలో మట్టి లేక తుప్పు చేరినదన్నమాట. ఒక్కచోట మాత్రమే తట్టుకొని ఆగితే ఉక్కు మీద సొట్టగాని, లేచిన అంచుగాని ఉండవచ్చు. పిస్తోలు క్రిందపడినప్పుడు ఇది సంభవిస్తుంది. అసలు తొలి అడుగే పడకపోతే అది అన్నిటికంటె గంభీరమైన లక్షణం. బ్యారెల్ పైనున్న గట్లు స్లైడు లోపలి గాళ్లలో ఇరుక్కొని ఉంటాయి. బ్యారెల్ కొంచెం క్రిందికి దిగితేగాని అవి విడవవు. అక్కడ తుప్పు పట్టినా, ఛాంబరులో ఉబ్బిన గుల్లగాని తూటాగాని అతుక్కుపోయినా ఆ దిగడం జరగదు.

అప్పుడు ఆర్మరర్ చేసేది చూచేవారికి విసుగు కలిగించే పని. పట్టాల సందులలో, బ్యారెల్‌లో తుప్పును వదలించే నూనె వేసి గంటల తరబడి వేచి ఉంటాడు. అవసరమైతే మరునాటి వరకు ఆగుతాడు. నూనె తగిలిన తూటా చచ్చిపోయినదని మాత్రం నమ్మడు. అలా నమ్మి మోసపోయినవారు ఉన్నారు. తరువాత మెత్తని దవడలు గల పట్టుగొయ్యలో బిగించి, మూతి ఇసుక వైపే ఉంచి, కొయ్యసుత్తితో స్లైడును వెనుకకు మెల్లగా తడుతూ కొద్దికొద్దిగా కదలిస్తాడు. కదిలిన తరువాత ఛాంబరును కంటితో చూస్తాడు, చీకటిలో అయితే వేలితో తడిమి చూస్తాడు. ఖాళీ అని రూఢి అయిన మీదటనే భాగాలు విడదీసి, తుడిచి, అరిగినవాటిని మార్చుతాడు. నిదానమే ప్రధానమన్న మాట ఈ పనికి సరిగ్గా సరిపోతుంది.

బలం చేసే అపకారం

‘ఆయుధాన్ని శుభ్రపరుస్తుండగా పొరపాటున పేలి జవానుకు గాయాలు’ అన్న వార్త మన పత్రికలలో అరుదు కాదు. అటువంటి ప్రమాదాలకు ఒక సాధారణ హేతువు తొందరపాటు. స్లైడు రాకపోతే మనిషికి కోపం వస్తుంది. ఒకడు పిస్తోలు మూతిని బల్ల అంచుకు అదిమి తోస్తాడు, మరొకడు మూతి మీద అరచేయి ఆనించి నెట్టుతాడు, వేరొకడు తొడల నడుమ నొక్కిపట్టి లాగుతాడు. ఇటువంటి పద్ధతులలో గుండు వెళ్లే దారిలో మనిషి దేహమే ఉండవచ్చు. బిగుసుకున్న ఉక్కు ఒక్కసారి విడిపోయినప్పుడు చేయి జారుతుంది, వేలు వెతుక్కొనేది ట్రిగ్గరునే.

శిబిరంలో మొరాయించిన ఆయుధం ప్రమాదకరమైతే, అడవిలో మొరాయించినది అంతకంటె ప్రమాదకరం. తన పిస్తోలు పలుకుతుందో లేదోనన్న సందేహంతో వాగు దాటేవాని మనసు ఎలా ఉంటుందో ఊహించవచ్చు. ఆ సందేహాన్ని తీర్చేది సాయంకాలం పదిహేను నిమిషాల పాటు గుడ్డ, బ్రష్షు, నాలుగు చుక్కల నూనెతో చేసే పని. తడిసి వచ్చిన రాత్రి, ఎంత అలసట ఉన్నా, భోజనానికి ముందు చేయవలసిన పని అది.

సామాన్య పౌరునికి ఈ విషయంలో పాత్ర స్వల్పమే అయినా ముఖ్యమైనది. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ఆయుధాన్ని ఉంచుకొనడానికే కాక, వృత్తిగా మరమ్మతు చేయడానికి కూడ లైసెన్సు ఉండాలి. లైసెన్సు గలవారు తమ పిస్తోలు బిగుసుకుంటే ఇంట్లో సుత్తి తీయక, అనుమతి పొందిన పనివానికి ముందుగా కబురు చేయాలి. లోపల తూటా ఉండవచ్చునని ఆ కబురులోనే స్పష్టంగా చెప్పాలి.

అడవి అంచున, పొలం గట్టున, పాడుపడిన ఇంటి చూరులో పాత ఆయుధం ఎవరి కంటనైనా పడవచ్చు. బస్తరులోనే కాదు, శబరి ఈవలి ఒడ్డున ఉన్న మన తెలుగు పల్లెలలో కూడ ఇది అసంభవం కాదు. అది తుప్పుపట్టి, కదలక, పనికిరాని ఇనుప ముక్కవలె కనిపిస్తుంది. పిల్లలకు అది ఆటవస్తువు. దానిని ముట్టుకొనకుండా, ఇతరులను దగ్గరకు రానీయకుండా, పోలీసులకు తెలియజేయడమే చేయవలసిన పని. పైన తుప్పు ఎంత పట్టినా, లోపలి తూటాలో ప్రాణం ఉండవచ్చు.