బువ్వ లేని విత్తు.. బూజే అమ్మ!

చూడ్డానికి దుమ్ము.. నిజానికి విత్తనం. సేలం జిల్లా ఏర్కాడు కొండల్లో చెట్ల కొమ్మలను పట్టుకుని పెరిగే ఆర్కిడ్ల సంగతిది. చెట్టు వాటికి ఆసరా మాత్రమే, దాని రసం పీల్చవు. ఒక్కో కాయలో వేలల్లో, కొన్నింటిలో లక్షల్లో గింజలుంటాయి. అయితే వరిగింజలోలా మొలకకు లోపల బువ్వ ఉండదు. బెరడుపై తగిన బూజు తగిలి మేత అందిస్తేనే మొలుస్తాయి.

అమెరికా శాస్త్రవేత్త లూయిస్ నుడ్సన్ 1922లో బూజు లేకుండానే, పంచదార కలిపిన అగర్‌పై వీటిని మొలిపించారు. ల్యాబుల్లో ఇప్పటికీ ఆ దారే. సీసాలోకి క్రిములు చొరబడ్డాయా, అంతా పాడే. మొలక పూతకొచ్చేసరికి చాలా రకాలకు 3 నుంచి 7 ఏళ్లు పడుతుంది.

చూడాలనుకుంటే ఏర్కాడులోనే బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా వారి జాతీయ ఆర్కిడేరియం ఉంది. అడవిలో కొమ్మ మీది మొక్కను పీకి తెస్తే ముచ్చట మూన్నాళ్లే.. పోయేది మాత్రం ఏళ్ల కష్టం.