కూర్చుంటే నిప్పు.. చెప్పుకుంటే సిగ్గు
* కటి నరం నొప్పితో కుంగుతున్న కుటుంబాలు
* స్కానింగులో కనిపించని బాధకు ఇంటి మనిషే సాక్షి

బరంపురం: కాలు విరిగితే కట్టు కనిపిస్తుంది. జ్వరమొస్తే నుదురు చెబుతుంది. చక్కెర పెరిగితే రక్త పరీక్ష చీటీ ఉంటుంది. మలమూత్ర ద్వారాల చుట్టూ, తొడల నడుమ వచ్చే నరం నొప్పికి మాత్రం ఇవేవీ ఉండవు. మనిషి నిలబడితే మామూలుగానే ఉంటాడు. నడుస్తాడు, నవ్వుతాడు. కుర్చీ చూపించి 'కూర్చోండి' అంటేనే మొహం మారిపోతుంది. ఈ తేడా కనిపెట్టేది ఇంట్లో ఒక్కరే.. భార్యో, భర్తో. గంజాం జిల్లాలోనైనా, సరిహద్దు దాటి ఇచ్ఛాపురంలోనైనా ఇలాంటి ఇళ్ళలో రోగి బాధ ఒకటైతే, దాన్ని నలుగురి కంటా పడనీయకుండా నెట్టుకొచ్చే తోడు మనిషి బాధ ఇంకొకటి.

పేరులోనే సిగ్గు

వెన్నెముక అడుగున త్రికాస్థి దగ్గర పుట్టి, కటి ఎముకల నడుమ నుంచి మర్మావయవాల దాకా వెళ్ళే నరాన్ని వైద్యులు 'పుడెండల్' నరం అంటారు. సిగ్గుపడటం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి ఆ పేరు పుట్టింది. మగవారికీ ఆడవారికీ కుడి ఎడమల ఒక్కొక్కటి ఉంటుంది. దారిలో ఇది రెండు గట్టి బంధనాల మధ్య నుంచి, ఆపైన ఒక సన్నని కాలువలోంచి వెళ్ళాలి. ఆ కాలువను 1836లో ఐర్లండ్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త బెంజమిన్ ఆల్కాక్ వర్ణించారు. ఆ ఇరుకులో నరం నలిగినా, రాసుకున్నా మంట, పోట్లు, కరెంటు షాకు కొట్టినట్టు బాధ మొదలవుతుంది. లోపల ఏదో వస్తువు ఇరుక్కున్నట్టు ఉందని చెప్పేవారూ ఉంటారు.

ఏళ్ళ తరబడి గంటలకొద్దీ కూర్చుని చేసే పని, ఎక్కువగా సైకిలు తొక్కడం, కష్టమైన కాన్పు, కటి భాగంలో ఆపరేషన్, పాత మలబద్ధకం.. ఇవి తెలిసిన కారణాల్లో కొన్ని. కొందరిలో కారణం దొరకనే దొరకదు.

ఈ నొప్పిని గుర్తుపట్టడానికి ఫ్రాన్సులోని నాంట్ నగర వైద్యుల ఆధ్వర్యంలో 2008లో అయిదు గుర్తులు ప్రచురించారు. నొప్పి ఆ నరం పరిధిలోనే ఉండాలి. కూర్చుంటే పెరగాలి. నిద్రలోంచి లేపకూడదు. పరీక్షిస్తే అక్కడ స్పర్శ పోయి ఉండకూడదు. నరం దగ్గర మత్తు ఇంజెక్షన్ ఇస్తే నొప్పి తగ్గాలి. మామూలు కుర్చీలో కూర్చోలేని మనిషి కమోడ్ సీటు మీద మాత్రం కాస్త తేలిగ్గా కూర్చోగలగడం కూడా వైద్యులకు బాగా పనికొచ్చే ఆనవాలు. ఈ సంగతి రోగి కంటే ముందు ఇంట్లోవాళ్ళే గమనించవచ్చు.

నొప్పి ఒకచోట.. మందు ఇంకోచోట

పేరు తెలియక ముందు తిరిగే తిరుగుడే ఎక్కువ. మొలలని ఒకరు, మగవారికైతే ప్రోస్టేట్ అని ఇంకొకరు, ఆడవారికైతే గర్భసంచి అని మరొకరు మందులు రాస్తారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ లేకున్నా యాంటీబయాటిక్ కోర్సులు నడుస్తాయి. చివరికి స్కానింగు తీయిస్తే 'అంతా బాగానే ఉంది' అంటారు. గడ్డలు, వెన్నుపూస జబ్బులు లేవని తేల్చుకోవడానికి స్కానింగు అవసరమే. అందులో ఏమీ కనిపించనంత మాత్రాన నొప్పి లేదని కాదు. కానీ ఆ ఒక్క మాటతో ఇంట్లో రోగి మాటకు విలువ పోతుంది. కోడలైతే 'పని ఎగ్గొట్టే వేషాలు' అంటారు. మగవాడైతే 'మగాడివై ఉండి ఇదేం ఏడుపు' అంటారు.

ఇక్కడి తెలుగువారికి భాష ఇంకో చిక్కు. ఇంట్లో 'కింద నొప్పి' అంటే అర్థమైపోతుంది. ఆసుపత్రిలో సిగ్గుపడి ఒడియాలో 'తళిపేట' అంటే చీటీ మీద పొత్తికడుపు నొప్పి అని పడుతుంది. వైద్యమూ అటే పోతుంది. వెంట వెళ్ళిన భార్యో భర్తో ఒక్క ముక్క స్పష్టంగా చెబితే చాలా దూరం కలిసొస్తుంది.. 'బసిలే కష్ట బఢుచి, శోఇలే కముచి'. కూర్చుంటే పెరుగుతోంది, పడుకుంటే తగ్గుతోంది అని. నోరు రాకపోతే కాగితం మీద బొమ్మ గీసి చోటు చూపించినా తప్పులేదు.

ఇల్లు తలకిందులు

బరంపురం పట్టుకు పేరు తెచ్చిన దేరా చేనేత కుటుంబాలకు గుంట మగ్గం ముందు కూర్చోవడమే బతుకు. కొట్లో గద్దె మీద కూర్చునే వ్యాపారి, ఆటో డ్రైవరు, టైలరు, బ్యాంకు గుమాస్తా.. అందరిదీ కూర్చునే కొలువే. కూర్చోలేకపోతే రాబడి ఆగుతుంది. ఇంటి బరువు రెండో మనిషి మీద పడుతుంది. సంపాదన, పిల్లల చదువు, ఆసుపత్రి చుట్టూ తిరగడం అన్నీ ఒక్కరే చూసుకోవాలి.

చుట్టరికాలూ తగ్గిపోతాయి. పెళ్ళిలో బంతి భోజనానికి కూర్చోలేరు. రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణి పుట్టింటికి వచ్చే యాత్రకు ఊరంతా చుట్టాలతో నిండిపోతే, ఈ ఇంట్లో మాత్రం 'ఆయనకు ఒంట్లో బాగోలేదు' అని ఇల్లాలు గుమ్మంలోనే సర్దిచెప్పి పంపాలి. ఏం జబ్బని అడిగితే నడుము నొప్పి అని అబద్ధం ఆడాలి.

అన్నిటికంటే లోతుగా తగిలే దెబ్బ దాంపత్యానికి. దగ్గరికి రానివ్వకపోతే ప్రేమ తగ్గిందనుకుంటారు, అనుమానం పుడుతుంది. రోగి మాత్రం ముట్టుకుంటే మర్నాడు మంచం మీదే ఉండాల్సొస్తుందేమోనని భయపడుతుంటారు. ఇద్దరూ నోరు మెదపరు. నొప్పి ఒకరిదే, దూరం ఇద్దరిదీ. కలయికే నొప్పి పెంచుతోందని వైద్యుడికి చెప్పడం, ఇంట్లో ఇద్దరూ దాపరికం లేకుండా మాట్లాడుకోవడం వైద్యంలో భాగమే. పక్కన పడుకుని చెయ్యి పట్టుకోవడం కూడా దాంపత్యమే.

నమ్మడమే మొదటి మందు

సాటి మనిషి చేయగలిగింది చాలా ఉంది. మొదటిది నమ్మడం. 'నిన్న బాగానే ఉన్నావుగా' అనే మాట మానేయాలి. ఈ నొప్పికి మంచి రోజులు, చెడ్డ రోజులు రెండూ ఉంటాయి. బాగున్న రోజున పనంతా ఒకేసారి చేసేస్తే తర్వాత మూడు రోజులు పడుకోవాల్సొస్తుంది. పని ముక్కలుగా చేసేలా చూడాలి.

రెండోది ఒక నోటుబుక్. ఎంతసేపు కూర్చున్నారు, ఎప్పుడు పెరిగింది, ఏ మందుకు తగ్గింది అని రోజూ రెండు లైన్లు రాసిపెడితే డాక్టరు గారికి పది ప్రశ్నలు తప్పుతాయి.

మూడోది కూర్చునే తీరు. బరువు పిరుదుల ఎముకల మీద పడి, నడుమ ఖాళీగా ఉండే దిండు వాడాలి. పరుపుల కొట్టులో గట్టి ఫోము ముక్కను మధ్యలో కోయించుకున్నా సరిపోతుంది. లెక్కలు రాయడం, కూరలు తరగడం లాంటివి నిలబడి చేసుకునేలా ఎత్తు బల్ల ఒకటి వేస్తే మేలు. విశాఖ, భువనేశ్వర్ వెళ్ళాలంటే బస్సు సీటు కంటే రైలులో బెర్తు నయం.. పడుకుని పోవచ్చు. నీళ్ళు, పీచు ఉన్న ఆహారం ఇచ్చి మలబద్ధకం లేకుండా చూడటం కూడా పెద్ద సాయమే.

వైద్యం ఉంది.. ఓపిక కావాలి

నరం నొప్పికి మామూలు నొప్పి మాత్రలు అంతగా పనిచేయవు. ఊరికే మింగితే కిడ్నీలకు చేటు. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి తెలిసిన ఈ ప్రాంతంలో ఆ మాట మరీ గుర్తుంచుకోవాలి. అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ వంటి మందులను వైద్యులు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. మొదట్లో మగత, తల తిరుగుడు ఉంటాయి. గుణం లేదని ఒక్కసారిగా మానేయకూడదు.

కటి కండరాలు బిగుసుకుపోతే వాటిని వదులు చేసే ఫిజియోథెరపీ ఉపయోగపడుతుంది. అందరూ చెప్పే బిగించే వ్యాయామం ఇలాంటి వారికి నొప్పి పెంచవచ్చు. చూసి నేర్చుకుని చేయొద్దు. వీటితో తగ్గకపోతే నరం దగ్గర ఇంజెక్షన్లు, కొద్దిమందికి నరాన్ని విడిపించే ఆపరేషన్ ఉన్నాయి. ఆపరేషన్‌తో అందరికీ తగ్గుతుందన్న హామీ లేదు.

1962లో మొదలైన ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి ఈ జిల్లావాసులకు దగ్గరి పెద్దాసుపత్రి. అక్కడి నుంచి అవసరాన్ని బట్టి భువనేశ్వర్ ఎయిమ్స్‌కో, విశాఖ కేజీహెచ్‌కో వెళ్ళేవారు పాత చీటీలన్నీ వరుసగా ఒకే ఫైల్లో పెట్టుకోవాలి. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి అమలవుతున్నాయి. అలాంటి కార్డులు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికే. నెలనెలా మందుల ఖర్చు వేరే చూసుకోవాలి.

చూసుకునేవారిని చూసేదెవరు?

ఏళ్ళ తరబడి చాకిరీ చేసే మనిషికీ అలుపు వస్తుంది, విసుగు వస్తుంది. ఒక్కోసారి కోపమూ వస్తుంది. అది పాపమేమీ కాదు. వారానికి ఒక పూట అయినా ఆడపడుచుకో, తమ్ముడికో ఇల్లు అప్పగించి బయట తిరిగి రావాలి. అందుకోసమైనా అయినవాళ్ళలో ఒక్కరికి అసలు జబ్బు పేరు చెప్పాలి. రోగి 'నేను లేకపోతే మీకు సుఖం' అంటే మాటవరసకు అన్నారని వదిలేయొద్దు. ఒంటరిగా ఉంచకుండా వెంటనే మనసు డాక్టరుకు చూపించాలి. కేంద్రం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. తెలుగులోనూ, ఒడియాలోనూ మాట్లాడవచ్చు. చూసుకునేవారు కూడా తమ గోడు చెప్పుకోవచ్చు.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

* ఉన్నట్టుండి మూత్రం ఆగిపోవడం, మలమూత్రాల మీద అదుపు తప్పడం
* తొడల నడుమ మొద్దుబారడం, కాళ్ళలో బలం తగ్గడం
* మలంలో, మూత్రంలో రక్తం
* జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం
* నొప్పి రోజూ నిద్రలోంచి లేపడం

మొదటి రెండూ వెన్ను అడుగున నరాలు నొక్కుకుపోయాయనడానికి గుర్తులు కావచ్చు. తెల్లారేదాకా ఆగకుండా అదే రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మిగతావి వేరే జబ్బుకు సూచన కావచ్చు కాబట్టి ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి.