తిన్నా ఆకలి తీరని మూగజీవి

ఎవరో రోడ్డుపై వదిలివెళ్లిన జర్మన్ షెపర్డ్ కుక్కను ఒక సోదరుడు తన మామిడితోట కాపలాకు తెచ్చుకున్నారు. ఆరు నెలల తర్వాత మా వద్దకు వచ్చి, "హజ్రత్! రెండు పూటలా కడుపునిండా పెడుతున్నాం. అయినా ఎముకలు తేలుతున్నాయి. తన మలాన్ని తానే తింటోంది. ఇంట్లోవారు అసహ్యించుకుంటున్నారు. మళ్లీ వదిలేస్తే పాపమా?" అని అడిగారు.

కాపలాకు, వేటకు, పంటలకు, మందలకు కుక్కను ఉంచుకోవడానికి షరీఅత్‌లో అనుమతి ఉన్నది. కాబట్టి ఉంచుకోవడం గురించి పేచీ లేదు. ఉంచుకున్న జీవిని పోషించడం మాత్రం యజమానిపై విధి. పిల్లిని బంధించి, దానికి తిండి పెట్టక, తన తిండి తాను వెదుక్కోనివ్వక చంపిన స్త్రీ నరకానికి పాత్రురాలైనదని దైవప్రవక్త (స) తెలియజేసిన సంగతి పాఠకులకు తెలిసినదే. ఈ కుక్క విషయం అంతకంటే సున్నితమైనది. వదిలేసినా అది బ్రతకలేదు. ఎందుకంటే దానికి కొరవడింది తిండి కాదు, తిన్నదాన్ని జీర్ణం చేసుకునే శక్తి.

పశువైద్యుడు పరగడుపున రక్తం తీసి పరీక్ష చేయించగా విషయం తేలింది. క్లోమ గ్రంథి, అంటే ఉర్దూలో లబ్‌లబా, ఆహారాన్ని జీర్ణం చేసే ఎంజైములను తయారుచేయడం లేదు. తిన్నదంతా లేతరంగు జిడ్డు మలమై పోతుంది. జీవి మాత్రం పళ్లెం నిండుగా ఉన్నా పస్తులుంటుంది. జర్మన్ షెపర్డ్ జాతిలో ఈ వ్యాధి ఎక్కువ. ఇది నయమయ్యేది కాదు. కానీ ప్రతి పూటా ఆ ఎంజైములను తిండిలో కలిపి పెడితే కుక్క చాలావరకు మామూలుగా జీవిస్తుంది. తరచు బి12 విటమిను కూడా తగ్గిపోతుంది, దానికి ఇంజెక్షన్లు అవసరమవుతాయి.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. బజారులో దొరికే ఎంజైము పొడి సాధారణంగా పంది క్లోమం నుంచి తీసినది! పంది మాంసం మనకు నిషిద్ధం. దాని నుంచి తీసిన పొడిని కొనవచ్చా, పశువుకు మందుగా పెట్టవచ్చా అన్నది ముఫ్తీలు తేల్చవలసిన మాట. మేము ఆ సోదరునికి సందేహం లేని దారి చెప్పాము. జబహ్ చేసిన గొర్రె క్లోమాన్ని కసాయి వద్ద ముందే చెప్పి తీసిపెట్టించుకోవచ్చు. పశువైద్యులు పచ్చి క్లోమాన్ని కూడా అంగీకరిస్తారు. దాన్ని ఉడికించరాదు, వేడికి ఎంజైములు నశిస్తాయి. సన్నగా తరిగి, పూటకు సరిపడా పొట్లాలు కట్టి, ఫ్రీజర్‌లో విడిగా ఒక డబ్బాలో ఉంచుకోవాలి. ఎంత పెట్టాలో వైద్యుడే బరువును చూసి చెబుతాడు.

ఇక అసహ్యం మాట. కుక్కకు వేరే పళ్లెం ఉంచితే సరి. ఇంటి పాత్రలో మూతిపెడితే ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టితో కడగమని హదీసు. హనఫీ మజ్‌హబ్‌లో మూడుసార్లు కడిగినా చాలును. పొడి వెంట్రుకలు తగిలితే బట్టలు మార్చుకోనక్కరలేదు. ఈ మాటలు తెలియక చాలా ఇళ్లలో అనవసరమైన గొడవలు జరుగుతుంటాయి.

మలం కొద్ది రోజుల్లోనే గట్టిపడవచ్చు, ఒళ్లు చేయడానికి మాత్రం వారాలు, నెలలు పడుతుంది. ఈలోగా ఆకలికి అది అరుస్తుంటే కొట్టవద్దని ఆ సోదరునికి ప్రత్యేకంగా చెప్పి పంపాము.