జిప్సీ లిఫ్ట్ చేశాక కింద షాఫ్ట్ సంగతేంటి?

వెనకాల కనిపిస్తున్నది మన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజ్. టైమ్ పొద్దున ఆరున్నర. వాకింగ్ వాళ్ళు తప్ప ఎవరూ లేరు, కాబట్టి పక్కన చాప వేసుకుని హాయిగా బండి కింద పడుకోవచ్చు.

బండి మా ఫ్రెండ్‌ది, మారుతి జిప్సీ. వాళ్ళ నాన్నగారు వాడిన బండి, అందుకే అమ్మడు. మూడు నెలల కింద లిఫ్ట్ చేయించాడు. అప్పట్నుంచి స్పీడు 60 దాటితే సీటు కింద ఒకటే వణుకు. తార్నాక మెట్రో దగ్గర్నుంచి హబ్సిగూడ దాకా నేనే నడిపి చూశా, అద్దంలో వెనక బండి రెండుగా కనిపిస్తోంది! వీల్ బ్యాలెన్సింగ్ రెండుసార్లు చేయించాడు, లాభం లేదు. వీడేమో అనంతగిరి వెళ్దాం రా అంటాడు. నేను, ముందు కిందికి దూరి చూద్దాం మామా అన్నా. ఎందుకంటే స్పీడులో ముందు షాఫ్ట్ జాయింట్ ఊడి కొస నేలకి గుచ్చుకుందనుకోండి, బండి పల్టీ కొట్టొచ్చు.

ఒక చిన్న టెస్ట్ చెప్తా. వణుకు వచ్చే స్పీడులో ఖాళీ రోడ్డు మీద న్యూట్రల్ చేయండి. వణుకు అలాగే ఉంటే అది ఇంజన్ కాదు, చక్రాలతో పాటు తిరిగేదేదో. టైర్లు ఆల్రెడీ చూపించాం కదా, మిగిలింది ప్రొపెల్లర్ షాఫ్ట్.

ఇప్పుడు అసలు విషయం. మామూలు జిప్సీలో కమాన్ కట్టలు యాక్సిల్ హౌసింగ్‌కి కింద ఉంటాయి. వీడు వాటిని హౌసింగ్ పైకి మార్పించాడు. దాంతో బండి దాదాపు 5 అంగుళాలు లేచింది. ట్రాన్స్‌ఫర్ కేస్ పైకి వెళ్ళింది, హౌసింగ్ మాత్రం అక్కడే ఉంది. మధ్యలో షాఫ్ట్ ఏటవాలు అవ్వక ఏం చేస్తుంది? షాఫ్ట్ ఎంత పొట్టిదైతే వాలు అంత ఎక్కువ. లెక్క కోసం, అడ్డంగా ఉన్న 1 మీటర్ షాఫ్ట్ ఒక కొస 5 అంగుళాలు దిగితే 7 డిగ్రీలు. అదే 60 సెంటీమీటర్లదైతే 12 డిగ్రీలు.

వాలితే ఏమైంది, క్రాస్ జాయింట్ ఉన్నదే అందుకు కదా అంటారు. కరెక్టే, కానీ ఆ జాయింట్‌కి ఒక జబ్బుంది. వంగి తిరిగేటప్పుడు అది స్పీడుని సమానంగా అందించదు. ఒక్కో తిరుగుడులో రెండుసార్లు తొందరపడుతుంది, రెండుసార్లు నెమ్మదిస్తుంది. 12 డిగ్రీల వంపులో ఇటు నుంచి నిమిషానికి 2,000 తిరుగుళ్ళు ఇస్తే, అటు 1,956కీ 2,045కీ మధ్య ఊగుతుంది. నేను చదివింది సీఎస్ఈ, ఇది మెకానికల్ వాళ్ళ సిలబస్. ఆ రోజుల్లో వాళ్ళని ఏడిపించినందుకు ఇప్పుడు అనుభవిస్తున్నా.

మందు కూడా అక్కడే ఉంది. రెండో కొసకి ఇంకో జాయింట్ ఉంటుంది కదా, మొదటిది చేసిన తప్పుని అది సరిచేస్తుంది. దానికి రెండు షరతులు. షాఫ్ట్ రెండు కొసల్లోని యోక్‌లు ఒకే వరసలో ఉండాలి. రెండు జాయింట్ల వంపు సమానంగా ఉండాలి.

ఈ బండిలో రెండూ తప్పే. గ్రీజు పెట్టడానికి వెనక షాఫ్ట్ స్లిప్ జాయింట్ లాగినవాళ్ళు, బిగించేటప్పుడు రెండు పళ్ళు పక్కకి దూర్చేశారు. షాఫ్ట్ మీద బాణం గుర్తులుంటాయి, అవి ఎదురెదురుగా ఉండాలి, ఇక్కడ లేవు. విప్పేముందు ఒక పెయింట్ గీత గీస్తే అయిపోయేది.

రెండోది వంపు. ఫోన్‌లో యాంగిల్ యాప్‌తో కొలిచాం. షాఫ్ట్ వాలు 15 డిగ్రీలు. ట్రాన్స్‌ఫర్ కేస్ ఫ్లాంజ్ అదే దిశలో 3 డిగ్రీలు వాలి ఉంది, పినియన్ 7. అంటే పై జాయింట్ వంపు 12, కింది జాయింట్ వంపు 8. వెల్డింగ్ చేసినాయన మంచికే అనుకుని పినియన్ మూతిని షాఫ్ట్ వైపు ఎత్తిపెట్టాడు. డబుల్ కార్డన్ జాయింట్ ఉన్న షాఫ్ట్‌కైతే అలాగే పెట్టాలి. మామూలు షాఫ్ట్‌కి మాత్రం పినియన్, ట్రాన్స్‌ఫర్ కేస్ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. వీడి కమాన్ కట్టకీ ప్యాడ్‌కీ మధ్య 4 డిగ్రీల ఇనుప వెడ్జ్ పెట్టి పినియన్ దించాలి.

ముందు యాక్సిల్‌తో మాత్రం ఈ ఆట ఆడకండి. అక్కడ పినియన్ ఎత్తితే క్యాస్టర్ తగ్గిపోతుంది, స్టీరింగ్ తేలిపోతుంది. ట్రాన్స్‌ఫర్ కేస్‌నే దించుదామంటారా? జిప్సీలో అది గేర్‌బాక్స్‌కి అతుక్కుని ఉండదు, మధ్యలో ఇంకో చిన్న షాఫ్ట్ ఉంటుంది. కేస్ దించితే దాని వంపు పెరుగుతుంది. పైగా బండి పొట్ట కిందికొస్తుంది, అంత లిఫ్ట్ చేసిందెందుకు మరి?

ఇక ముందు షాఫ్ట్. చాసిస్‌కి జాక్ పెట్టి చక్రాలు వేలాడదీసి, షాఫ్ట్‌ని చేత్తో తిప్పాం. టక్, టక్. స్లిప్ జాయింట్ లావు భాగం క్రాస్ మెంబర్‌కి తగులుతోంది, అక్కడ ఇనుము రాసుకుని మెరుస్తోంది. ఫ్లాంజ్ బోల్టు రంధ్రాలు రెండు వైపులా సరిపోయాయి కాబట్టి షాఫ్ట్‌ని తిరగేసి బిగించాం. ఇప్పుడు ఆ చోటికి సన్న గొట్టం వచ్చింది, వేలు దూరేంత సందుంది. నష్టమేంటంటే, స్లిప్ జాయింట్ ఇప్పుడు యాక్సిల్ దగ్గర, బురదకీ రాళ్ళకీ దగ్గరగా ఉంది. గ్రీజు తరచూ పెట్టాల్సిందే. ఇంకోటి, చక్రాలు వేలాడినప్పుడు స్లిప్ బయటికి జారుతుంది. లోపల ఇంకా ఎంత మిగిలిందో చూడండి. తక్కువుంటే షాఫ్ట్ పొడవు పెంచాలి, వేరే దారి లేదు.

కామెంట్లలో ఎలాగూ అడుగుతారు కాబట్టి: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఇలాంటి మార్పులకి అడ్డం. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. వాడికీ చెప్పా, నవ్వాడు.

బాణాలు ఎదురెదురుగా పెట్టి మళ్ళీ హబ్సిగూడ దాకా వెళ్ళొచ్చాం. 60లో వణుకు లేదు. 75 దగ్గర సన్నగా జుమ్మంటోంది, అది ఆ 4 డిగ్రీల పని. వెడ్జ్‌లు లేత్ దగ్గర చెప్పాం, వచ్చాక బిగించి చూపిస్తా. అప్పటిదాకా అనంతగిరి క్యాన్సిల్, వాడు నా మీద అలిగాడు.