అనుమానానికి పుట్టుకే ఆధారమా?

తెలంగాణలో ఫోన్ ట్యాపింగ్ కేసు 2024 మార్చిలో వెలుగులోకి వచ్చినప్పటి నుంచి మన రాజకీయ చర్చలో ‘ప్రైవసీ’ అనే మాట తరచుగా వినబడుతోంది. ప్రతిపక్ష నాయకులు, వ్యాపారులు, జర్నలిస్టుల సంభాషణలను రహస్యంగా విన్నారన్నది ఆరోపణ. న్యాయమూర్తుల ఫోన్లపైనా నిఘా పడిందన్న వార్తలను రాష్ట్ర హైకోర్టు తనంతట తానే విచారణకు స్వీకరించింది. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారుతున్న వేళ హార్డ్‌డిస్కులను ధ్వంసం చేశారన్నది మరో అభియోగం. నిజానిజాలను న్యాయస్థానాలు తేలుస్తాయి. నా ప్రశ్న నిందితుల గురించి కాదు, వారి చేతిలో ఉన్న యంత్రాంగం గురించి.

ఆ అధికారులు పనిచేసిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో ఉమ్మడి రాష్ట్రంలో మావోయిస్టు కార్యకలాపాలపై సమాచారం సేకరించడానికి ఏర్పడిన విభాగం. అంటే దాని చూపు ఏళ్ల తరబడి అడవి అంచు గూడేలపైన, పల్లె యువకులపైన నిలిచింది. అప్పుడు ఎవరి మాటలు వింటున్నారు, ఎవరి అనుమతితో వింటున్నారు అని ప్రధాన రాజకీయ పక్షాలు గట్టిగా అడిగింది లేదు. గూడెం గోడకు ఆనించిన చెవి బంజారాహిల్స్ దాకా పాకిన తరువాతే అది కుంభకోణమైంది.

ప్రభుత్వ నిఘా అందరిపైనా ఒకేలా పడదు. ఎవరి ఏకాంతానికి సమాజం విలువ ఇవ్వదో వారిపైనే అది మొదట అమలవుతుంది. అక్కడ అలవాటుగా మారి, చట్టంగా స్థిరపడి, ఆ తరువాత పైకి ఎగబాకుతుంది. అందుకే కులాన్ని పక్కన పెట్టి నిఘాను అర్థం చేసుకోవడం సాధ్యం కాదని నేను భావిస్తాను.

ఈ చరిత్ర ఫోన్ కంటే పాతది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే అనుమానితులుగా ప్రకటించింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించింది. ఎరుకల వంటి సమూహాల పేర్లు, వేలిముద్రలు పోలీసు రిజిస్టర్లకు ఎక్కాయి. ఊరు దాటాలంటే అనుమతి చీటీ కావాలి. రాత్రిపూట హాజరు పలకాలి. స్టూవర్టుపురం, సీతానగరం, కావలి వంటి చోట్ల సెటిల్‌మెంట్లు వెలిశాయి. పశువుల వీపుపై ఉప్పు, ధాన్యం మోసుకుపోయి అమ్ముకొని బతికిన ఈ సంచార వర్తకులు వలస పాలనలో జీవనాధారం కోల్పోయి ఎలా ‘నేరస్థులు’ అయ్యారో మీనా రాధాకృష్ణ పరిశోధన వివరించింది. ఒక మనిషి చేసిన పనిని బట్టి కాక, పుట్టిన కులాన్ని బట్టి కాపలా పెట్టడం ఆ చట్టపు సారాంశం. దానికి ఆలోచన ఇచ్చింది తెల్లదొరలు ఒక్కరే కాదు. వృత్తి పుట్టుకతో వస్తుందని అప్పటికే నమ్ముతున్న కుల సమాజం ఆ చట్టానికి సిద్ధమైన నేల అయింది.

1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. ఆ జాతులను విముక్త జాతులు అన్నాం. కానీ చట్టం పోయిన చోటికి అలవాటైన నేరస్థుల చట్టాలు వచ్చాయి. స్టేషన్లలో హిస్టరీ షీట్లు మిగిలాయి. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అన్నట్టు, ఊళ్లో దొంగతనం జరిగితే మొదట ఎవరి గుడిసె తలుపు తడతారో ఆ గుడిసెలవారికి తెలుసు. ఇది నా ఊహ కాదు. అమానతుల్లా ఖాన్ కేసులో 2024 మే 7న తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు, వెనుకబడిన, షెడ్యూల్డ్ కులాలు, తెగలకు చెందిన అమాయకుల పేర్లు కేవలం వారి సామాజిక నేపథ్యం కారణంగా హిస్టరీ షీట్లలో యాంత్రికంగా చేరుతున్నాయన్న ఆందోళనను ప్రస్తావించింది. ఈ నమోదులపై ఎప్పటికప్పుడు ఉన్నతాధికారి ఆడిట్ ఉండాలని చెప్పింది. ఇతర రాష్ట్రాలూ ఇటువంటి మార్గదర్శకాలను పరిశీలించాలని కోరింది. తెలుగు రాష్ట్రాల్లో ఆ పని ఎంతవరకు వచ్చిందని శాసనసభల్లో అడగవలసి ఉంది.

రాజ్యాంగ రచన సమయంలోనే ఈ ప్రమాదాన్ని గుర్తించినవారు ఉన్నారు. 1947లో అంబేడ్కర్ రూపొందించిన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’ పత్రంలో మనుషులను, ఇళ్లను, కాగితాలను అకారణంగా సోదా చేయకుండా రక్షణ కోరే నిబంధన ఉంది. కె.ఎం. మున్షీ ముసాయిదా ఉత్తర ప్రత్యుత్తరాల గోప్యతను హక్కుగా ప్రతిపాదించింది. వీటిపై అభ్యంతరం చెప్పినవారిలో నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఒకరు, బి.ఎన్. రావు మరొకరు. నేర పరిశోధనకు, సాక్ష్యాల సేకరణకు అడ్డంకి అవుతుందన్నది వారి వాదన. ఆ పెద్దల విద్వత్తును నేను తక్కువ చేయను. కానీ పోలీసును సహాయకుడిగా చూసిన అనుభవం వేరు, వాడవాడనూ గాలించే చేయిగా చూసిన అనుభవం వేరు. చివరకు ఆ నిబంధనలు రాజ్యాంగంలోకి రాలేదు. గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ప్రకటించడానికి 2017 ఆగస్టు 24 దాకా ఆగవలసి వచ్చింది.

ఈలోగా 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టమే మన సంభాషణలపై పెత్తనం చేసింది. రాజకీయ నాయకుల ఫోన్ల ట్యాపింగుపై సీబీఐ నివేదిక 1991లో ‘మెయిన్‌స్ట్రీమ్’ పత్రికలో వెలువడింది. దాని ఆధారంగా పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 డిసెంబరు 18 నాటి తీర్పు కొన్ని కట్టుబాట్లు విధించింది. హోం కార్యదర్శి ఆదేశం ఉండాలి, గడువు ఉండాలి, సమీక్షా సంఘం ఉండాలి అన్నది. ముందస్తుగా న్యాయమూర్తి అనుమతి తప్పనిసరి అని మాత్రం అనలేదు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం, 2024 డిసెంబరులో వచ్చిన నిబంధనలు కూడా అదే దారిలో నడిచాయి. ఆదేశించేది అధికారి, సమీక్షించేదీ అధికారులే. విన్నది ఎవరి మాటలో ఆ మనిషికి ఎన్నటికీ తెలియదు. తెలియని అన్యాయంపై ఎవరు ఏ కోర్టుకు వెళ్లగలరు?

ఈ సమీక్ష ఎంత సమర్థమో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018 నివేదికలో చెప్పింది. సమాచార హక్కు చట్టం కింద వచ్చిన జవాబు ప్రకారం కేంద్రం నెలకు 7,500 నుంచి 9,000 దాకా ట్యాపింగ్ ఆదేశాలు జారీ చేసింది. రెండు నెలలకోసారి కూర్చునే సమీక్షా సంఘం ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఆదేశాలు పరిశీలించాలి. అది అసాధ్యమని ఆ కమిటీయే అన్నది. ఆ వేల ఆదేశాల్లో ఏ సామాజిక వర్గాలవారు ఎందరో చెప్పే లెక్క ప్రజల ముందు లేదు. అయినా కొన్ని ఘటనలు మాత్రం మన ముందున్నాయి.

భీమా కోరేగావ్ కేసులో 2018 ఆగస్టు 28న పుణె పోలీసులు హైదరాబాద్‌లో దళిత మేధావి, ఆచార్య కె. సత్యనారాయణ ఇంట్లో సోదా చేశారు. ఇంట్లో దేవుళ్ల పటాలు లేకుండా ఫూలే, అంబేడ్కర్ చిత్రాలెందుకున్నాయని తనను ప్రశ్నించారని ఆయన పత్రికలకు చెప్పారు. ఆయన భార్యను, భర్త దళితుడు కనుక సంప్రదాయం పాటించకపోవచ్చు, మీరెందుకు బొట్టు పెట్టుకోలేదని అడిగినట్టు కూడా వార్తలు వచ్చాయి. నేర పరిశోధనకు, ఈ ప్రశ్నలకు ఏమి సంబంధం? 2019లో పెగాసస్ గూఢచర్య సాఫ్ట్‌వేర్ దాడి జరిగిందని వాట్సాప్ హెచ్చరించిన భారతీయుల్లో ఆనంద్ తేల్‌తుంబ్డే, బస్తర్ ఆదివాసుల పక్షాన పనిచేసిన బేలా భాటియా, ఛత్తీస్‌గఢ్ దళిత హక్కుల కార్యకర్త డిగ్రీ ప్రసాద్ చౌహాన్ ఉన్నారు. 2021లో సుప్రీంకోర్టు నియమించిన సాంకేతిక కమిటీ తనకందిన 29 ఫోన్లలో అయిదింటిలో ఏదో మాల్‌వేర్ ఉందని, అది పెగాసస్ అని తేలలేదని చెప్పింది. ప్రభుత్వం సహకరించలేదని కూడా చెప్పింది.

ఇది మేధావుల సమస్య మాత్రమే కాదు. 2021 అక్టోబరులో హైదరాబాద్ వీధుల్లో పోలీసులు దారిన పోయేవారిని ఆపి, గంజాయి మాట కోసం వారి వాట్సాప్ సందేశాలు వెతికిన దృశ్యాలు దేశమంతా చూసింది. కార్డన్ సెర్చ్ పేరిట తెల్లవారుజామున తలుపులు తట్టేది బస్తీల్లోనే గాని గేటెడ్ కమ్యూనిటీల్లో కాదు.

నేను పాఠం చెప్పే విద్యార్థుల్లో కొందరు అడుగుతుంటారు: “తప్పు చేయనివాడికి భయమెందుకు సార్? మా ఫోన్‌లో దాచుకోవడానికి ఏముంది?” దానికి నా జవాబు ఇది. దాచుకోవలసింది తప్పు ఒక్కటే కాదు. కులాంతర ప్రేమలో ఉన్న ఇద్దరు ఎక్కడున్నారన్న సమాచారం, పరువు హత్యలు జరిగిన నేలపై ప్రాణాల మీదికి తెస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే దక్కింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవులకు, ముస్లింలకు నేటికీ లేదు. ఈ స్థితిలో ఒక మాల, మాదిగ విద్యార్థి ఫోన్‌లోని ఆదివారం ప్రార్థన ఫొటో అతని కుల ధ్రువపత్రాన్ని, అత్యాచార నిరోధక చట్టం ఇచ్చే రక్షణను ప్రశ్నార్థకం చేయగలదు. అగ్రవర్ణ మిత్రుడి భక్తి ఫొటో అతని హక్కుల్లో దేన్నీ తాకదు. ఇద్దరి ఫోన్లూ ఒకే కంపెనీవి కావచ్చు, వాటిని తెరిచినప్పుడు చెల్లించే మూల్యం మాత్రం ఒకటి కాదు.

నేరాన్ని పసిగట్టడానికి ప్రభుత్వానికి నిఘా అధికారం అసలే ఉండరాదని నేను అనను. దళితులపై దాడి చేసినవారి కుట్రను ఛేదించడానికీ ఫోన్ ఆధారాలు కావలసి వస్తాయి. ఆ అధికారానికి కళ్లెం ఉండాలన్నదే నా వాదన. ట్యాపింగుకు ముందుగా న్యాయమూర్తి అనుమతి ఉండాలి. దర్యాప్తు ముగిశాక సంబంధిత వ్యక్తికి ఆ సంగతి తెలపాలి. ఏటా ఎన్ని ఆదేశాలు, ఏ కారణాలతో ఇచ్చారో శాసనసభ ముందు పెట్టాలి. హిస్టరీ షీట్ తెరిస్తే ఆ మనిషికి కారణం చెప్పి, అప్పీలుకు దారి చూపాలి. వీధిలో ఫోన్ తెరిపించే పద్ధతి ఆగాలి.

తెలంగాణ కేసులో దోషులెవరో తేలినంత మాత్రాన ఇవి నెరవేరవు. నేడు బాధితులమంటున్న నాయకులు రేపు అదే కుర్చీలో కూర్చుంటారు, అదే యంత్రం వారి చేతికీ వస్తుంది. 2015లో ‘ఓటుకు నోటు’ వ్యవహారంలో రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఫోన్ ట్యాపింగుపై వాదులాడుకున్నాయి. ఆ వివాదం నుంచి పౌరుడికి కొత్తగా ఒక్క రక్షణా దక్కలేదు. కనుక దళిత, ఆదివాసీ, విముక్త జాతుల సంఘాలు, విద్యార్థి సంఘాలు భూమి, రిజర్వేషన్ల సరసన ఈ డిమాండ్లనూ తమ పత్రాల్లో చేర్చాలి. వచ్చే ఎన్నికల్లో ఓటు అడిగే ప్రతి పక్షం నుంచి వీటిపై రాతపూర్వకమైన జవాబు కోరాలి.